అవ్వ రాసిన లిస్టు

"మా ఆయిన పేరు ఆ కాయిదంల లేదా సారూ? జర మళ్ల చూడుండ్రి. పొద్దున బాయిల దిగిండు, ఇంక పైకి రాలె."

రేషన్ షాపు కొండల్ తూకం ఆపి తలెత్తాడు. "నీకు పెండ్లెప్పుడైంది సింధూ? మాకు చెప్పనే లేదు!"

లైనంతా ఘొల్లుమంది. సింధు నాలుక కరుచుకుంది. పెదవులు మాత్రమే కదుపుతున్నాననుకుంది, గొంతు ఎప్పుడు లేచిందో తెలియలేదు. వచ్చే మంగళవారమే హైదరాబాద్‌లో ఆడిషన్. నటనలో పీజీ, సీటొస్తే రెండేళ్లు హాస్టల్లో ఉండాలి. ఇరవై ఏడేళ్లొచ్చాయి, ఈ ఏడు కాకపోతే ఇక కానట్టే. బొగ్గుబాయి ఆఫీసు కిటికీ ముందు నిలబడి మొగుడి కోసం అడిగే ఆడమనిషి పాత్ర ఎంచుకుంది. ప్రాక్టీసుకు వేరే టైమెక్కడిది? మానుకోటలో ఉన్న లైన్లన్నీ ఆమెకు రిహార్సల్ హాళ్లే.

చేతిలో లిస్టు, చింపిన క్యాలెండర్ కాగితం వెనుక అవ్వ గుండ్రటి అక్షరాలు. ఒకటి, రేషన్ బియ్యం. రెండు, గ్యాస్ బుక్ చెయ్యాలె. మూడు, కరెంటు బిల్లు. నాలుగు, బీపీ గోలీలు. బుచ్చవ్వ ముప్పై ఏళ్లు గార్లలో అంగన్‌వాడీ టీచరుగా చేసింది. తెల్లారి లేస్తే నంబర్లేసి ఏదో ఒకటి రాయనిదే ఆమెకు తోచదు. "రాసుకుంటే మరువం బిడ్డా" అంటుంది. ఆమెకు అందరూ బిడ్డలే, పాలు పోసే వాల్యాతో సహా.

అయినా ఈమధ్య మరుస్తోంది. కూరలో ఉప్పు రెండుసార్లు పడుతోంది. పోయిన నెల ఇంటికి తాళం వేయకుండా పోయి బస్టాండులో కూర్చుంది, గార్లలో పిల్లలు ఎదురుచూస్తుంటారని. డాక్టరమ్మ సింధును పక్కకు పిలిచి నాలుగు ప్రశ్నలు రాసిచ్చింది. "ఆదివారం ఆదివారం అడుగు. నాలుగూ చెప్పినన్ని రోజులు భయం లేదు. తప్పిందంటే మాత్రం ఒక్కదాన్నీ వదిలిపెట్టకు."

తల్లి సరళ పోయాక తనను పెంచింది ఈ అవ్వే. అవ్వ ఒక్క జవాబు తప్పినా హైదరాబాద్ ఊసెత్తొద్దని సింధు ఒట్టు పెట్టుకుంది. ఆ ప్రశ్నల సంగతి, ఒట్టు సంగతి పక్కింటి పుష్పమ్మకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

బియ్యం దింపి పెరట్లోకి వస్తే అవ్వ, పుష్పమ్మ తల తల ఆనించి గొణుక్కుంటున్నారు.

"ఏంది చిన్నమ్మా, మా అవ్వకు ప్రార్థనలు నేర్పుతున్నవా?"

"నేర్పుతున్న. నీకేమన్న నొప్పా?" అంది పుష్పమ్మ.

అవ్వ ఏదో కాగితం కొంగున ముడేసుకుంది. రేపటి పనులై ఉంటాయి. రేపన్నా లైను చిన్నగా ఉంటే బాగుండనుకుంది సింధు.

"ఏదీ, నీ ఏషం చూపియ్యి" అంది అవ్వ.

సింధు చేసింది. అవ్వ పెదవి విరిచింది. "బట్టీ పట్టి అప్పజెప్పినట్టున్నది బిడ్డా. జర ఆగు. పైకి చూడు. మాట అప్పుడే యాదికొచ్చినట్టు చెప్పు."

సింధు నోరెళ్లబెట్టింది. జనగామలో డిగ్రీ చదువుతూ మూడేళ్లు నాటకాలేసింది. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

ఆదివారం వచ్చింది. అవ్వ బెండకాయలు కోస్తోంది. సింధు ఎదురుగా కూర్చుంది.

"అవ్వా, ఇయ్యాల ఏ వారం?"

కత్తి ఆగింది. అవ్వ ఇంటి దూలం వైపు చూసింది.

"ఆదివారం. పుష్పమ్మ చర్చికి పోయింది గదా."

"ఏ నెల?"

"జూన్."

"మనం ఏ ఊర్లున్నం?"

మళ్లీ కొంచెం ఆగింది. "మానుకోటల. గార్ల ఇడిసి ఏడేండ్లాయె."

"రాజేందర్ మామ యాడున్నడు?"

"నా కొడుకా? భూపాలపల్లిల. సింగరేణిల చేస్తడు." అవ్వ బెండకాయ ముక్క విసిరింది. "గిన్ని ప్రశ్నలేంది? పరీక్షకు పోయేది నువ్వా, నేనా?"

సింధు నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చేసింది. పట్టరాని సంతోషం. ఆ పూటే బట్టలు సర్దుకుంది.

సోమవారం పొద్దున మానుకోట స్టేషన్‌కు అవ్వను పుష్పమ్మే చెయ్యి పట్టి తీసుకొచ్చింది. రైలు కూత వినిపించగానే అవ్వ సింధు గడ్డం పట్టుకుని కాసేపు మొహంలోకి చూసింది.

"పోయి రా సింధూ. నా మనుమరాలు గెలిచి రావాలె."

సింధు కళ్లు నిండాయి. అవ్వ నోట తన పేరు విని ఎన్ని నెలలైందో!

"లిస్టు సంచిల పెట్టిన" అంది అవ్వ. "హైదరాబాద్‌ల ఏమేం కొనాల్నో రాసిన. మరువకు."

పుష్పమ్మ ఎందుకో మొహం తిప్పుకుంది.

జనగామ దాటాక సింధు డైలాగు కాగితాల కోసం సంచి తెరిచింది. పైనే ఉంది క్యాలెండర్ కాగితం. విప్పి మడిచి, విప్పి మడిచి మడతల దగ్గర చిరిగింది. ఆడిషన్‌కు పోయేదానికి కూడా పనులు తప్పవా అని నవ్వుకుంటూ విప్పింది.

ఒకటి, ఇయ్యాల ఆదివారం, పుష్పమ్మ చర్చికి పోయింది. రెండు, జూన్ నెల. మూడు, మానుకోట, గార్ల ఇడిసి ఏడేండ్లు. నాలుగు, కొడుకు రాజేందర్, భూపాలపల్లి, సింగరేణి. ఒకటో నంబరు పక్కన, మూడో నంబరు పక్కన చిన్న అక్షరాలతో, 'ఆగాలె, పైకి చూడాలె.'

సింధు అడిగింది నాలుగే. కాగితం మీద ఇంకో నంబరు ఉంది.

'ఐదు, ఈ పిల్ల పేరు సింధు, నా మనుమరాలు.'