మడమ తొక్కని బూట్లు

"ఆ బూట్లు బల్ల మీద పెట్టొద్దు బాబాయ్," అన్నాడు సిపాయి. పొద్దుట్నించీ అదే పాట.

బూట్ల మాస్టారు వినిపించుకోలేదు. గుడ్డమూట విప్పి, కొడుకు బూట్లు రెండూ తీసి, అందరికీ కనబడేలా బల్ల మీద పెట్టాడు. ఎదురుగా బెంచీల నిండా కొత్తగా సైన్యంలో చేరిన కుర్రాళ్ళు. కాళ్ళకి కొత్త బూట్లు, పక్కన సంచులు. బయట లారీ సిద్ధంగా ఉంది. ఈ పాఠం అవగానే ఎక్కించి యుద్ధానికి తోలేస్తారు.

మాస్టారంటే బడిలో చెప్పే మాస్టారు కాదు. చెప్పుల కొట్టులో గుమస్తా. యుద్ధం తోలంతా మింగేసి కొట్టు మూతపడ్డాక, ఉన్న జోడునే అరగకుండా ఎలా వాడుకోవాలో ఊరంతా తిరిగి చెప్పమని పైవాళ్ళు పురమాయించారు. యుద్ధం తెచ్చింది వాళ్ళు, పొదుపు చెయ్యాల్సింది మనం. అది అడిగే నాథుడు లేడు. మాస్టారు మాత్రం ఆ పని ప్రాణం పెట్టి చేశాడు. కొడుకు పోయాడన్న కబురు వచ్చిన మర్నాడు కూడా పాఠం మానలేదు. ఇంట్లో కూర్చుంటే పిచ్చెక్కుతుందన్నాడు.

ఆ కొడుకు బూట్లే ఇవాళ పొద్దున ఈ సిపాయి తెచ్చిచ్చాడు. ఇద్దరూ ఒకే గుడారంలో పడుకునేవాళ్ళట. ఎలా పోయాడని అడిగితే, నిద్రలోనే, నొప్పి తెలియకుండా పోయాడని గుమ్మంలో నిలబడి చెప్పి వెళ్ళిపోబోయాడు. మాస్టారు బూట్లు అటూ ఇటూ తిప్పి చూసి, అతన్ని రెక్క పట్టుకుని ఇక్కడికి లాక్కొచ్చాడు.

ఎందుకంటే ఆ బూట్లు అంత శుభ్రంగా ఉన్నాయి. తోలు ఎక్కడా పగల్లేదు. లేసులు కిందికన్నం దాకా వదులు చేసి ఉన్నాయి. ఒకదాంట్లో కాగితాలు కూరి ఉన్నాయి. రెండోదాంట్లో లేవు. దారిలో పారేసుకున్నావురా అని మాస్టారు కసిరితే, ఎలా దొరికాయో అలాగే తెచ్చానని సిపాయి గొణిగాడు.

చిన్నప్పుడు ఒకసారి వాడు బూట్ల మడమ తొక్కి, కాళ్ళు ఈడ్చుకుంటూ ఆటకి పరిగెత్తబోతే, మాస్టారు చెంప ఛెళ్ళుమనిపించాడు. మళ్ళీ ఎప్పుడూ తొక్కలేదు వాడు. తొక్కలేదని ఈయనా ఎప్పుడూ మెచ్చుకోలేదు. మెచ్చుకుంటే నెత్తికెక్కుతాడనుకున్నాడు. ఆ మెప్పు ఇన్నేళ్ళూ గొంతులోనే ఉండిపోయింది. ఇవాళైనా నలుగురి ముందు కక్కెయ్యాలి. లేకపోతే అది తనతోపాటే కాటికి పోతుంది.

"ఇవి మావాడివి," అని మొదలుపెట్టాడు.

బురద ఆరకముందే తుడవాలన్నాడు. తడిసిన బూటుని మంట దగ్గర పెడితే తోలు చస్తుందన్నాడు. కాగితాలు కూరి నీడన ఆరబెట్టాలి. పడుకునేముందు విప్పి తీరాలి, లేకపోతే చెమటకి లోపలంతా కుళ్ళిపోతుంది. వేసుకునేటప్పుడు కూర్చోవాలి, నెమ్మదిగా కాలు పెట్టాలి. అన్నిటికన్నా పెద్ద పాపం మడమ తొక్కడం.

"బూట్లకే ఇంత మర్యాదైతే, వాటినే పంపించండి మాస్టారూ, మేం ఇంటి దగ్గరుంటాం," అన్నాడు వెనక బెంచీలోంచి ఒకడు. గదంతా గొల్లుమంది.

మాస్టారు కూడా నవ్వాడు. చాలా రోజులకి నవ్వాడు. ఆ ఊపులో సిపాయిని ముందుకి లాగి, అతని కాళ్ళకేసి చూపించాడు. తోలు బీటలు వారింది. మడమలు అరిగి ఒక పక్కకి ఒరిగిపోయాయి. లేసులు ముడి మీద ముడి పడి బిగుసుకుపోయాయి.

"బూటన్నది ఎలా ఉండకూడదో ఇదిగో, చూసుకోండి. ఎప్పుడైనా విప్పుతావురా?"

"విప్పను బాబాయ్."

"పడుకున్నప్పుడో?"

"అప్పుడూ విప్పను."

మళ్ళీ నవ్వులు. సిపాయి తల దించుకుని నిలబడ్డాడు. మాస్టారు అతని భుజం మీద చెయ్యి వేశాడు. మావాడు వీటిని ఎలా చూసుకునేవాడో నీ నోటితోనే చెప్పు, పక్కన పడుకుని చూసినవాడివి అన్నాడు. ఆ మాట వినాలని ఆయన మొహం వెలిగిపోతోంది.

"ఇంటికెళ్ళాక చెప్తాను బాబాయ్."

"అప్పటికి వీళ్ళు లారీ ఎక్కేస్తారు కదరా."

సిపాయి తలెత్తి బెంచీల వైపు చూశాడు. ముందు వరసలో ఒక కుర్రాడు అప్పుడే వంగి, మాస్టారు చెప్పినట్టు, లేసు ఒక్కో కన్నమే వదులు చేసి చూసుకుంటున్నాడు.

"పడుకునేటప్పుడు బూట్లు విప్పకండి," అన్నాడు సిపాయి.

ఎవరూ నవ్వలేదు. మాస్టారి చెయ్యి భుజం మీంచి జారిపోయింది. ఏం కూస్తున్నావురా అన్నాడు.

"పొద్దున మీకు చెప్పింది అబద్ధం బాబాయ్. వాడు నిద్రలో పోలేదు. విమానాలొస్తున్నాయని సైరన్ మోగింది. మిగతా మా అందరికీ బూట్లు కాళ్ళకే ఉన్నాయి, లేచి గుడారం పక్క గోతిలోకి దూకేశాం. వాడు కూర్చుని ఒక బూటులోంచి కాగితాలు తీస్తున్నాడు. వట్టికాళ్ళతో వచ్చెయ్యరా అన్నాను. పోనీ ఎలాగోలా కాళ్ళు దూర్చుకునైనా రారా అని అరిచాను."

మాస్టారి చెయ్యి దానంతటదే వెళ్ళి, కాగితాలు లేని బూటు మీద ఆగింది.

"ఏమన్నాడు?"

సిపాయి ఆ చేతినే చూస్తూ చెప్పాడు.

"నవ్వాడు బాబాయ్. 'ఉండరా, మడమ తొక్కితే నాన్న కొడతాడు' అన్నాడు."