గిన్నెలో చావనివి

కణాల సంగతి డాక్టర్ల కన్నా నాకే ఎక్కువ తెలుసు. మా కోడలి ల్యాబులో మైక్రోస్కోపుకి కన్ను ఆనించి స్వయంగా చూసినవాణ్ణి!

చూశాను గాని, కనబడింది నా కనురెప్ప వెంట్రుకలే. మిగతాదంతా కోడలు చెప్పిందే.

ఆ రోజు ఆమె గాజు గిన్నెతో ల్యాబు డైరెక్టరు ముందు నిలబడింది. ఎవరో రోగి కేన్సరు గడ్డ నుంచి ఒకే ఒక్క కణం తీసి, అందులో పెంచిన సంతతి అది. అన్నింటికీ అవే జన్యువులు.

మందు పోస్తే దాదాపు అన్నీ చచ్చాయి. కొన్ని చావలేదు.

"మందు సరిగ్గా కలపలేదా?" అన్నాడు డైరెక్టరు.

"కలిపాను సార్. మందుని బయటికి నెట్టేసే జన్యువు అన్నింట్లోనూ ఉంది. ఎప్పుడు దేంట్లో మేలుకుంటుందో దానిష్టం. మేలుకున్నవి బతికాయి."

"దానిష్టమేంటమ్మా, అదేమన్నా మా అల్లుడా? అన్నీ కలిపి సగటు తియ్యి. మందు పనిచేస్తుందని ఆసుపత్రికి రాసెయ్."

"ఆ బతికినవాటి మీద ఇంకో మందు వేసి చూడరా?"

అడిగింది కోడలు కాదు. గుమ్మంలో చేతిసంచీతో, టోపీ పెట్టుకున్న బక్కమనిషి.

డైరెక్టరు లేచాడు. "ఏ కంపెనీ నీది? మందులమ్ముకోడానికి నా ల్యాబే దొరికిందా?"

"అమ్మడానికి రాలేదయ్యా. నేను..."

"నోర్ముయ్! బయటికి నడు!"

"చచ్చినవాటి గొప్ప నాకెందుకు? చావనివాటి మాట చెప్పండి!" ఆ మనిషి గుమ్మం వదల్లేదు.

డైరెక్టరు అతని సంచీ వరండాలోకి విసిరేశాడు. గిన్నెలో బ్లీచింగు నీళ్ళు తనే గుమ్మరించాడు. కోడలు పళ్ళు నూరుకుంటూ సగటు రాసి పంపింది.

ఏడాది తిరక్కుండా, ఆసుపత్రి నుంచి మంచుపెట్టెతో ఒకావిడ వచ్చింది.

"మా ఆయన కేన్సరు గడ్డండీ ఇది. మీరు రాసిన మందుకి తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరిగింది. పోయేముందు దీన్ని ఇక్కడికే ఇమ్మన్నారు."

"మమ్మల్ని ఎరుగుదురా ఆయన?" అడిగింది కోడలు.

"ఆసుపత్రిలో బతిమాలి మీ చిరునామా కనుక్కుని, ఒకసారి వచ్చారండి. ఏ కంపెనీ అని అడిగి సంచీ విసిరేశారట కదా. ఆ గిన్నెలో ఉన్నవి ఆయన కణాలే."

డైరెక్టరు బావురుమన్నాడు.

ఒళ్ళు మండి ఆ ఒక్క ముక్క నేను కల్పించాను. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "దీనిక్కూడా సగటు తియ్యమ్మా" అన్నాడు.