అమ్మ కొలతలు

"మా అమ్మ కొలతలు నీ ఫోన్లోంచి తీసెయ్ అక్కా. ఇప్పుడే, నా కళ్ళముందే."

గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా అంది ఆ అమ్మాయి. కుట్టుమిషను మీద టైలరక్క కాలు ఆగిపోయింది.

"కూర్చో తల్లీ. ముందు ఏమైందో చెప్పు."

"కూర్చోడానికి రాలేదు. ఇదిగో, చూడు." సంచీలోంచి తల్లి ఫోను తీసి ఆమె ముఖానికి దగ్గరగా పెట్టింది.

ఏదో బట్టల దుకాణం పంపిన మెసేజి. ‘మీ ఛాతీ కొలత 31కి సరిపోయే జాకెట్లు వచ్చాయి. త్వరపడండి.’

"ముక్కూ మొహం తెలియనివాళ్ళకి మా అమ్మ ఒంటి కొలతలు ఎలా తెలిశాయి, నువ్వు చెప్పకపోతే?"

"నీమీదొట్టు, నేనెవరికీ చెప్పలేదు. కొలతలు రాసుకునే యాప్‌ని పోయిన నెల వేరే కంపెనీ కొనేసింది. ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కితేగానీ పాత కొలతలు తెరుచుకోవంది. నూట నలభై మందివి అందులోనే ఉన్నాయి. నొక్కక ఏం చేయను?"

"చదవకుండానే నొక్కేశావా?"

"అదంతా చదువుతూ కూర్చుంటే ఇక కుట్టేదెప్పుడు?"

మూల కూర్చుని హుక్కులు కుడుతున్న ముసలావిడ తలెత్తకుండానే అంది. "నోటుపుస్తకమే నయం. వానకు తడిసి ముద్దయిందిగానీ, ఒక్కరి గుట్టూ బయటపెట్టలేదు."

"నువ్వూరుకో అత్తా. అది తడిసిన నెలంతా ఎవరి జాకెట్టు ఎవరికి కుట్టానో నాకే తెలీదు. ఈ యాప్ వచ్చాకే కదా మనం తిట్లు తప్పించుకుంది."

అమ్మాయి గొంతు తగ్గింది.

"అమ్మ పోయి ఎనిమిది నెలలైంది అక్కా. రోజూ ఈ ఫోనుకి ఛార్జింగు పెడుతున్నాను. ఒక్కరూ చేయరు. ఇవాళ పొద్దున టింగుమంది. పిచ్చిదాన్ని, చేతుల నిండా సబ్బు నురగతో పరిగెత్తాను. చూస్తే ఇదీ. పైగా తప్పు! మా అమ్మది ముప్పై ఒకటా? ముప్పై ఎనిమిది. మనిషి ఎంత నిండుగా ఉండేది!"

టైలరక్క బల్లమీది తన ఫోను అందుకుని, "తీసేస్తాలే. నువ్వెళ్ళు, ఆఫీసుకు ఆలస్యమవుతుంది" అంది.

"అయితే అవనీ. అమ్మ పేజీ చూపించు."

"ఉత్త అంకెలే కదమ్మా. ఏముంది చూడ్డానికి?"

"ఎవరెవరో చూశారు. కూతుర్ని, నేను చూడకూడదా?" అంటూ ఆ అమ్మాయి ఫోను లాక్కుంది.

పై వరసలన్నీ ఒకేలా ఉన్నాయి. నాలుగేళ్ళపాటు ఛాతీ 38, నడుము 34, చేతి లూజు 13.

"చూశావా? నేను చెప్పలే?" అమ్మాయి ముఖం విచ్చుకుంది. పదమూడు అంగుళాల ఆ చేతిమీదే చిన్నప్పుడు తల పెట్టుకుని పడుకునేది. ఆ అంకెను వేలితో ఒకసారి తాకింది. తాకేసరికి పేజీ కిందికి జరిగింది.

పోయిన ఏడాది నెలకో వరస ఉంది. ఛాతీ 37. తర్వాత 36. తర్వాత 34. చేతి లూజు పన్నెండు, పదకొండు, పది. ఆఖరి వరసలో ఛాతీ 31, చేయి తొమ్మిది.

"ఇవి వేరేవాళ్ళవి అక్కా. కలిసిపోయాయి. పోయినేడు అమ్మ ఒక్క జాకెట్టూ కుట్టించుకోలేదు."

"కుట్టించుకోలేదు. ఉన్నవాటికే వదులు పోయేలా లోపల కుట్లు వేయించుకుంది. నువ్వు ఆఫీసుకు వెళ్ళాక వచ్చేది. నెలనెలా."

"చివరిదాకా జాకెట్లన్నీ ఒంటికి అతికినట్టే..." అంటూ ఆ అమ్మాయి ఆగిపోయింది.



అమ్మాయి టైలరక్క మెడలోంచి టేపు లాగింది. తొమ్మిది అంకె దగ్గర వేలు పెట్టి గుండ్రంగా చుట్టి పట్టుకుంది. ఇంతే చేయి. ఆ చేయి పట్టుకునే కదా పోయినేడంతా సాయంత్రాలు రోడ్డు దాటింది! చుట్టులోకి రెండో చేయి పెట్టి చూసుకుంది. మోచేతి దాకా వెళ్ళి ఆగింది.

"అమ్మ పోవడానికి పదిహేను రోజుల ముందుగానీ జబ్బు సంగతి నాకు తెలియలేదక్కా. ఇంత చిక్కిపోయినా చూసుకోలేదా అని డాక్టరు నన్ను చీవాట్లు పెట్టాడు."

టైలరక్క తల వంచుకుంది.

"ఇంకెవరెవరు చూశారు ఇవి?"

"నేను, ఈ అత్త. ఇప్పుడా కంపెనీవాళ్ళు, దుకాణంవాళ్ళు." కొంచెం ఆగి అడిగింది. "తీసెయ్యనా మరి?"

"తీసెయ్. వద్దు, ఆగు." అమ్మాయి ఫోనుని గుండెకు ఆనించుకుంది. "అమ్మ వాళ్ళ దగ్గర ఉండకూడదు. నాక్కూడా లేకుండా పోకూడదు. ఒక కాగితం ఇవ్వు. అన్నీ రాసుకున్నాక తీసేద్దువుగానీ."

సుద్దముక్కల డబ్బా కింద దొరికిన బిల్లు వెనక్కి తిప్పి, ఒక్కో వరసే రాసుకుంది. ముప్పై ఎనిమిది నుంచి ముప్పై ఒకటి దాకా. చివరి అంకె కింద ‘గమనిక’ అని చిన్న గడి కనిపించింది. నొక్కింది.

"అది చదవకమ్మా!" టైలరక్క లేచిన ఊపుకి కత్తెర కిందపడింది.

గడిలో టైలరక్క టైపు చేసుకున్నది రెండే ముక్కలు. ‘ఎవరికి తెలిసినా ఫర్వాలేదంది. వాళ్ళమ్మాయికి మాత్రం తెలియకూడదంది.’