వెచ్చగానే ఉంది

పాల ప్యాకెట్ పట్టుకున్న చెయ్యి తలుపు సందులోంచి లోపలికి వచ్చింది గానీ, ప్యాకెట్‌ను వదల్లేదు.

"ఒకసారి మొహం చూపించండమ్మా," అన్నాడు పాలాయన.

అద్దాలమ్మ నిద్రకళ్ళతో తలుపు బార్లా తీసింది. ఆయన ఆమెను ఎగాదిగా చూసి, ప్యాకెట్ చేతిలో పెట్టి, మారుమాట లేకుండా మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ మేడ మీది గదిలో దిగి అది రెండో రోజు.

కళ్ళజోళ్ళ షాపులో ఫ్రేములకు సరిపడా అద్దాలు కోయడం ఆమె పని. సందులో వాళ్ళు మొదటి రోజే ఆ పేరు పెట్టేశారు. పెట్టుకోనీ అనుకుంది. పదకొండేళ్ళు అన్నయ్య ఇంట్లో ఉండి, ఒక మాట పడి, ఒక్క పెట్టెతో బయటికొచ్చిన మనిషి. ఎవరూ ఏమీ అడక్కుండా ఉంటే అదే పదివేలు.

ఎనిమిదింటికి కింద ఇస్త్రీ చేసే ఆవిడ పిలిచింది.

"అక్కా, ఒక్కసారి కిటికీలోకి రా."

"ఏంటమ్మా?"

"ఏం లేదు." మళ్ళీ ఇస్త్రీపెట్టె మీదికి వంగింది.

సాయంత్రం పని నుంచి వచ్చి, తలనొప్పిగా ఉంటే లైటు వేయకుండా నడుం వాల్చింది. పట్టుమని పది నిమిషాలు కాలేదు. కింద నుంచి కటింగ్ షాపాయన గొంతు.

"లైటు వేసుకోండమ్మా."

కేక వేసినట్టు లేదు. మంచం పక్కన కూర్చుని చెప్పినట్టు ఉంది.

నాలుగో రోజు ఒళ్ళు వెచ్చబడింది. ఎవరికీ చెప్పలేదు. తలుపు తీసేసరికి గుమ్మంలో మూత పెట్టిన వేడి జావ, రెండు మాత్రలు. కింద చీటీ: దగ్గు వినపడింది.

మంచివాళ్ళే. ఏం ఇవ్వబోయినా పుచ్చుకోరు. ఒక్కటే, ఆమెను చూసి ఎవరూ నవ్వరు.

ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే వాళ్ళను ఆమె చూసింది గానీ, ఊపిరి లెక్కపెట్టే వాళ్ళను ఎప్పుడూ చూడలేదు.

ఆదివారం వేరే గది వెతుక్కుందామని నిశ్చయించుకుంది. పోయేముందు ఈ సంగతేమిటో తేల్చుకోవాలనిపించింది. ఆ పొద్దున్నే ఫోన్ ఆపేసింది. కిటికీ మూసి, లోపల గడియ పెట్టి, గోడకు చేరగిలబడి కూర్చుంది.

పాలాయన తలుపు తట్టాడు. పలకలేదు.

మళ్ళీ తట్టాడు. పలకలేదు.

మూడోసారి తట్టలేదు. మెట్ల మీద ఆయన కాళ్ళ చప్పుడు. దిగడం కాదది, పరుగు.

కింద ఇస్త్రీపెట్టె దించిన చప్పుడు. ఎత్తుతున్న షట్టరు సగంలో ఆగిన చప్పుడు. ఆ తర్వాత మెట్ల మీద అడుగులు. ఒకరివి కావు, ఇద్దరివి కావు.

ఎవరూ ఒక్క మాటా మాట్లాడటం లేదు. తలుపు అవతల అంతమంది ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

తలుపు సందులోకి గునపం మొన దూరింది.

ఆమె ఒక్క ఉదుటున లేచి గడియ తీసింది.

మెట్ల నిండా మనుషులు. కటింగ్ షాపాయన చేతిలో గునపం. ఎవరి మొహంలోనూ కోపం లేదు. ఇస్త్రీ ఆవిడ ముందుకొచ్చి, చెయ్యి కొంగుకు తుడుచుకుని, అరచెయ్యి తిరగేసి ఆమె చెంపకు ఆనించింది. అలాగే కాసేపు ఉంచింది.

"వెచ్చగానే ఉంది," అంది వెనక్కి తిరిగి.

"వెచ్చగానే ఉందంట," అన్నారెవరో మెట్ల మధ్యలో.

"వెచ్చగానే ఉందంట."

ఆ మాట మెట్టు మెట్టూ దిగి వీధిలోకి వెళ్ళింది. వెనకే మనుషులూ ఒక్కొక్కరే దిగిపోయారు.

పాలాయన ఒక్కడూ పై మెట్టు మీద కూలబడ్డాడు.

"నేను మీకేం చేశాను? ఎందుకిలా కాపలా కాస్తున్నారు?" అని అడిగింది ఆమె.

"మీకు ముందు ఇక్కడ టైపు నేర్పే టీచరమ్మ ఉండేవారు," అన్నాడాయన.

"ఒక్కరేనా?"

"ఒక్కరే."

ఆయన చేత్తో గుమ్మం వైపు చూపించాడు.

"పోయి లోపలే ఉండిపోయారు, తొమ్మిది రోజులమ్మా. రోజూ నేనే వచ్చి ప్యాకెట్ పెట్టి పోయాను. నిన్నటిది అక్కడే ఉంటే కాస్త పక్కకు జరిపి ఇవాళ్టిది పెట్టేవాణ్ణి. కాలికి అడ్డం రాకుండా."

ఆమె గుమ్మం వంక చూసింది.

"తొమ్మిదో రోజు ఎవరు చూశారు?"

"చూద్దామని ఎవరూ రాలేదు. ఒక ప్యాకెట్ ఉబ్బి పగిలింది. విరిగిన పాలు మెట్ల మీదుగా కిందికి కారాయి. కడుక్కోమని పోట్లాడ్డానికి వచ్చాం. అందరం వచ్చాం."

ఆమె లోపలికి వెళ్ళి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది.

"లోపలికొచ్చి కూర్చోండి, ఫ్యాను ఉంది."

ఆయన గడప వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నీళ్ళు అక్కడే తాగి, గ్లాసు చేతికిచ్చి వెళ్ళిపోయాడు.

ఆ పూట ఆమె గది వెతకడానికి వెళ్ళలేదు. ఫోన్ ఆన్ చేసి చూసింది. ఎవరూ చేయలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా మెట్ల మీద అడుగుల చప్పుడు. రెండు మెట్లకొకసారి ఆగుతోంది. పైకి వచ్చేకొద్దీ ఇంకా నెమ్మదించింది.

పాలాయన తల ఎత్తలేదు. కళ్ళు నేల మీదే పెట్టుకుని తలుపు కోసం చెయ్యి చాపాడు. చేతికి తలుపు తగల్లేదు.

ఆమె అప్పటికే తలుపు తీసి నిలబడి ఉంది.

"ఉన్నానండీ," అంది.