తొడిమ వదిలిన పండు

"ఇక కోసెయ్. ఇంకో గంటలో అమ్మ వచ్చేస్తుంది," అంటూ భర్త కత్తి పట్టుకుని బాల్కనీలోకి వచ్చాడు.

"కత్తి పెట్టావంటే ఊరుకోను! దానంతట అదే ఊడాలి." కొత్త కోడలు చేతులు బార్లా చాపి తీగకు అడ్డంగా నిలబడింది.

"పండా, పసిపిల్లా? ఉయ్యాల కూడా కట్టావు!"

కట్టింది మరి. రెండు పిడికిళ్లంత కర్బూజా, ఉల్లిపాయల వల సంచిలో వేలాడుతోంది. మూడో అంతస్తు దాకా తేనెటీగలు రావని, రోజూ పొద్దున్నే మగపువ్వు తెంపి ఆడపువ్వుకు తనే అద్దింది. నాలుగు పిందెలు పడితే, ఉన్న తీపంతా ఒక్కదానికే దక్కాలని మూడింటిని గిల్లేసి, ఏడ్చినంత పని చేసింది.

అంతా అత్తగారి కోసమే. పెళ్లయిన ఈ నాలుగు నెలల్లో ఆవిడ రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ తన అన్నం డబ్బా, తన మంచినీళ్ల సీసా తనే తెచ్చుకుంది. "నా మాట కాదని చేసుకున్నాడు. ఆ పిల్ల చేతిది నా గొంతు దిగదు," అని మొహం మీదే చెప్పింది. కోడలు పెట్టిన టీ సింకు పాలైంది.

"ముందు తిననీ. తిన్నాక చెప్తా, నేనే పెంచానని. అప్పుడేం చేస్తారు, కక్కేస్తారా?" అంది.

"మా అమ్మ సంగతి నీకు తెలీదు," అన్నాడు భర్త.

తొడిమ చుట్టూ సన్నటి పగులు కనిపించింది. మునివేలితో తాకిందో లేదో, పండు సంచిలోకి ఒరిగిపోయింది.

"ఊడింది! ఊడిందోయ్!" పండును గుండెకు హత్తుకుని ఇల్లంతా గిరగిరా తిరిగింది. గదులన్నీ ఘుమఘుమలాడిపోయాయి.

అత్తగారు వచ్చి కుర్చీలో కూర్చుంది. కోడలు వంటింటి తలుపు చాటున నక్కింది. భర్త పళ్లెం పట్టుకెళ్లాడు.

"ఎవరు కోశార్రా?"

"నేనేనమ్మా, ఇదిగో ఇప్పుడే."

"నువ్వే కదా? అయితే ఇలా పెట్టు."

తలుపు చాటున కోడలికి నవ్వు ఆగలేదు. కొంగు నోట్లో కుక్కుకుంది. ఒక ముక్క. రెండో ముక్క. మూడోది తానే అడిగి తీసుకుంది. నాలుగోదానికి ఆవిడ వేళ్లు కూడా చప్పరించింది.

"పంచదార పాకంరా! గింజలు పారేయకు, పట్టుకెళ్లి మా ఇంట్లో వేసుకుంటా."

ఇక ఆగలేక కోడలు ఎదురుగా వచ్చి నిలబడింది. అత్తగారు తలెత్తి, మొదటిసారిగా ఆ పిల్లను చూసి చిన్నగా నవ్వింది.

"ఎక్కడిదమ్మాయ్, ఇంత మంచి పండు?"

కోడలు నోరు తెరిచింది.

"మార్కెట్లో కొన్నానమ్మా," అన్నాడు భర్త.