తెల్లంచు గుమ్మం

"రాసింది ఎవరో చెప్పండి సార్, మిగతాది నేను చూసుకుంటాను," అన్నాడు విల్ఫ్.

మునిసిపాలిటీ ఇళ్ల ఇన్‌స్పెక్టర్ తల అడ్డంగా ఊపి ఉత్తరం జేబులో పెట్టుకున్నాడు. పేరూ ఊరూ లేని ఉత్తరం. ఇంగ్లండు పట్నం సాల్ఫర్డ్‌లోని ఈ ఇల్లు మురికికూపమన్నట్టు 'స్క్వాలిడ్' అని ఉంది అందులో. ఆయన గోడ మీది చెమ్మని వేలితో గీకాడు. మంచం మీద దగ్గుతున్న విల్ఫ్ కూతురు, నాలుగేళ్ల జీన్‌ని చూశాడు.

"ఇది మనుషులుండే ఇల్లు కాదని రాస్తాను. కొత్త ఇళ్ల జాబితాలో మీ పేరు ముందుకొస్తుంది," అని వెళ్లిపోయాడు.

ఆ మాట విల్ఫ్ చెవికెక్కలేదు. చెమ్మ గురించి తను మూడు అర్జీలు పెడితే ఒక్కడూ తొంగి చూడలేదు. ఎవరో తిట్టి రాస్తే మాత్రం ఊడిపడ్డారు!

అతని భార్య నెల్లీ అప్పటికే మోకాళ్ల మీద కూర్చుని గుమ్మపు రాయి మళ్లీ తోముతోంది. పొద్దున తోమిందే. ఆ వీధి ఆడవాళ్లంతా సుద్దరాయితో గుమ్మానికి తెల్లంచు గీస్తారు. నెల్లీ గీసినంత తిన్నగా ఎవరూ గీయలేరు. అలాంటి మనిషిని పట్టుకుని ఇంత మాటా!

"పక్కింటి ఐవీయే అయ్యుంటుంది. నా గుమ్మం చూస్తే దానికి కళ్లమంట," అంది నెల్లీ తలెత్తకుండా.

"ఐవీకి తన పేరు రాసుకోవడమే గగనం. అంత పెద్ద మాట ఈ వీధిలో తెలిసింది ఎదురింటి టీచరమ్మకొక్కదానికే," అన్నాడు విల్ఫ్.

నెల్లీ చేతిలో రాయి ఆగింది. "ఆవిడ జోలికి వెళ్లకు. నీకు పుణ్యముంటుంది."

దాంతో అతని అనుమానం ఇంకా ముదిరింది. టోపీ పెట్టుకుని వీధి దాటాడు.

టీచరమ్మ మిస్ ఓగ్డెన్ టీ పోయబోతే వద్దన్నాడు. "ఆ స్క్వాలిడ్ అంటే అసలు అర్థమేంటి టీచరమ్మా?"

"మురికంటే కడిగితే పోయేది. ఫిల్తీ అంటే కడగడానికే వెగటు పుట్టేది. స్క్వాలిడ్ అంటే అందులో బతికేవాళ్లు కడగడమే మానేశారని. ఇంటితోపాటు ఇల్లాలినీ అన్నట్టే."

"మా గుమ్మం రోజూ మీ కిటికీలోంచి కనపడుతుందిగా! రాయడానికి చేతులెలా వచ్చాయండీ?"

"నేను రాయలేదు. మాట మాత్రం నాదే. పోయిన వారం ఒకావిడ వచ్చి, ఏమని రాస్తే ఆఫీసువాళ్లు పరుగెత్తుకొస్తారని అడిగింది. చెప్పాను. అర్థం విని, ఇదే కుర్చీలో కూర్చుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఏడ్చి, స్పెల్లింగు రాయించుకుని వెళ్లింది."

"ఎవరావిడ?"

"చెప్పనని మాటిచ్చాను."

"అయితే వీధిలో ఒక్కొక్క తలుపూ కొడతాను. ఐవీతోనే మొదలుపెడతాను."

ఆవిడ కిటికీ తెర పక్కకి జరిపింది. ఎదురుగా గుమ్మం మీద తెల్లంచు మూడోసారి పడుతోంది.

"మీ నెల్లీయే, విల్ఫ్."