ఎడమ మోకాలు

ఇంటివాళ్లు కానివాళ్లకు టీవీ కనిపించకూడదన్న నిబంధన వచ్చాక, మా గుంతకల్లు రైల్వే క్వార్టర్సులోనూ నెలకోసారి పరీక్ష మొదలైంది. కనెక్షన్ మా ఆవిడ హైమ పేరున ఉంది. టీవీ ఆమె గురించి ప్రశ్నలు అడుగుతుంది. సరిగ్గా చెప్పినవాళ్లే ఇంటి మనుషులు. హైమ మాత్రం నోరు మెదపకూడదు.

నేను గూడ్సు గార్డుని. నాలుగు రోజుల డ్యూటీ దిగి వచ్చేసరికి, ఎదురింటి నూర్జహానక్క హైమ పక్కన కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"హైమ గారికి ఏ మోకాలు నొప్పి?" అని టీవీ నన్ను అడిగింది.

"కుడిది," అన్నాను ధీమాగా.

తెర నల్లబడింది.

"ఎడమది," అంది అక్క తలెత్తకుండానే. "మెట్లు దిగేటప్పుడే నొస్తాది, ఎక్కేటప్పుడు కాదు."

బొమ్మ వచ్చింది. కాఫీలో చక్కెర ఎంతో, ఉరుమంటే భయమెందుకో కూడా ఆమే చెప్పింది. హైమకు ఉరుమంటే భయమని పదకొండేళ్ల కాపురంలో నాకు తెలియదు. ముందు ఒళ్లు మండింది. నేను లేని రోజుల్లో ఆ మోకాలికి నూనె రాసింది అక్క చేతులేనని తట్టాక, వాటికి దణ్ణం పెట్టాలనిపించింది.

చివరికి టీవీ అక్కనే అడిగింది. "గదిలో ఇంకొకరు ఉన్నారు. ఆయన ఈ ఇంటి మనిషేనా?"

అక్క నన్ను ఎగాదిగా చూసింది.

"మా మరిదేలే," అంది. "కూచోనీ. నేర్చుకుంటాడు."

హైమ నవ్వు ఆపుకుంటూ కాస్త జరిగింది. నేను ఆమె ఎడమవైపు, మోకాలికి తగలకుండా కూర్చున్నాను.